కరెంటొచ్చాక రెండు నిమిషాలు

పొలాల్లో కరెంటు వచ్చిందని తెలియడానికి బల్బు వెలగాల్సిన పనిలేదు. అప్పటిదాకా చప్పుడు లేకుండా ఉన్న స్టార్టరు డబ్బా టక్కుమంటుంది. పక్క చేలో ఇంకోటి, గట్టు అవతల మరోటి. ఆ వెంటనే బోర్ల నుంచి గాలి, నీళ్లు కలిసి ఎగజిమ్మే చప్పుడు. పల్నాడు జిల్లా నాదెండ్ల చుట్టూ పరుచుకున్న నల్లరేగడిలో మిరపకూ పత్తికీ తడి పెట్టే రోజుల్లో, సాగర్ కుడికాలువ నీళ్లు అందని చోట, ఈ టక్కు కోసమే రైతు చెవి ఒగ్గి ఉంటాడు.

ఆ ఒక్క క్షణంలో చేలగట్టు మీది ట్రాన్స్‌ఫార్మరు పడే బాధ మాత్రం ఎవరి చెవికీ వినపడదు. కాగితం మీద లెక్క వేస్తే కనపడుతుంది. ఐదు హార్స్‌పవర్ త్రీఫేజు మోటారు నిలకడగా తిరుగుతున్నప్పుడు సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు మోటార్లకు 30 ఆంపియర్లు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఇవ్వగలిగింది 33 నుంచి 35. అంటే నాలుగు మోటార్లు తిరుగుతున్నంతసేపు ఇబ్బంది లేదు. కానీ ఆగి ఉన్న మోటారు కదిలేటప్పుడు తీసుకునే కరెంటు మామూలుకు ఐదారు రెట్లు. నాలుగూ ఒకేసారి లేస్తే ఆ క్షణంలో కావాల్సింది 180 ఆంపియర్లు!

బండలాగుడు పందేలు చూసినవారికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. బండ ఒకసారి కదిలాక ఎడ్లు దాన్ని లాక్కుపోతాయి. ప్రాణం పోయేది తొలి అడుగుకే. మోటారుకూ అంతే. తిరిగే మోటారు తనలోనే ఒక ఎదురు వోల్టేజీని పుట్టించి కరెంటును అదుపులో ఉంచుతుంది. ఆగి ఉన్నప్పుడు ఆ ఎదురు ఉండదు కాబట్టి కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నాలుగు మోటార్లు కలిసి అలా లాగితే లైనులో వోల్టేజీ కుంగుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ నూటికి 70కి పడితే బలం 49కి, అంటే సగానికి పడిపోతుంది. లేవలేని మోటారు గుర్రుమంటూ అక్కడే ఉండి, ఆ ఐదారు రెట్ల కరెంటునే తాగుతూ ఉంటుంది. ఫ్యూజు పోతే అదృష్టం. పోకపోతే వైండింగ్ కాలుతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. చేను పూతమీద ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు పోతే, కొత్తది వచ్చేదాకా ఆ కుటుంబం కంటి మీద కునుకు ఉండదు.

ఇన్ని మోటార్లు ఒకేసారి లేవడానికి కారణం ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మనిషి ప్రమేయం లేకుండా మోటారును ఆన్ చేసే పరికరం అది. రైతులు దాన్ని సరదాకు పెట్టుకోలేదు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. కరెంటు ఉచితమైంది, కానీ అప్పట్లో రోజుకు ఏడు గంటలే, అదీ విడతలుగా. అర్ధరాత్రి విడత వచ్చిన రోజున టార్చిలైటు పట్టుకుని, పాములున్న గట్ల మీదుగా, తడినేలలో నిలబడి స్టార్టరు నొక్కాల్సి వచ్చేది. ఆ ప్రయాణంలో పాము కాటుకూ కరెంటు షాకుకూ ప్రాణాలు పోయిన రైతులు తెలుగునేలంతటా ఉన్నారు. అలాంటప్పుడు ఆటో స్టార్టరు పెట్టుకున్న రైతును తప్పుపట్టడం న్యాయం కాదు.

విద్యుత్తు శాఖ బాధ కూడా నిజమే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సుమారు 23 లక్షల వ్యవసాయ పంపుసెట్లకు 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా ప్రచారం చేసింది. కరెంటు పోనప్పుడు మోటారు ఆగదు, మోటారు ఆగనప్పుడు భూగర్భజలం నిలవదన్నది అక్కడి భయం. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆటో స్టార్టరు పెట్టొద్దనీ, ప్రతి మోటారుకూ కెపాసిటరు పెట్టమనీ లైన్‌మన్ చెబుతూనే ఉంటాడు.

ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది. ఇద్దరికీ మధ్య లోపించింది ఒక చిన్న వస్తువు: ఆగి, లెక్కపెట్టి, అప్పుడు ఆన్ చేసే రిలే. టైమ్ డిలే రిలే అంటారు దాన్ని.

ఈ వస్తువు మనకు కొత్త కాదు. ఫ్రిజ్‌కో ఏసీకో పెట్టిన స్టెబిలైజరు, కరెంటు రాగానే కాకుండా కాసేపు ఆగి లైను ఇవ్వడం అందరూ చూసిందే. కంప్రెసరులో ఒత్తిడి సర్దుకునేదాకా ఆపి ఉంచడం దాని ఉద్దేశం. నాదెండ్ల మండలంలోనే గణపవరంలో నూలు మిల్లులున్నాయి. అటువంటి మిల్లుల్లో పెద్ద మోటార్లకు వాడే స్టార్ డెల్టా స్టార్టరులో కూడా ఒక టైమరు ఉంటుంది. మోటారును ముందు తక్కువ వోల్టేజీ మీద లేపి, కొన్ని సెకన్లు లెక్కపెట్టి, అది వేగం అందుకున్నాక పూర్తి వోల్టేజీకి మారుస్తుంది. మిల్లు మోటారుకు దక్కిన ఆ ఓపిక పొలం మోటారుకూ, ఇంటి పెరట్లోని అర హార్స్‌పవర్ మోటారుకూ ఎందుకు దక్కకూడదు?

ఇంటి మోటారుకూ దాని అవసరం ఉంది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చిందనుకుందాం. పైపులో ఎత్తు మీద ఉన్న నీళ్లు ఫుట్‌వాల్వు సరిగా పట్టకపోతే కిందికి జారుతూ పంపును వెనక్కి తిప్పుతాయి. వెనక్కి తిరుగుతున్న మోటారుకు ముందుకు తిరగమని కరెంటు అందితే షాఫ్టు మీద, వైండింగ్ మీద పెనుభారం పడుతుంది. పైగా కరెంటు వచ్చిన మొదటి నిమిషంలో వీధిలో ప్రతి ఇంటి ఫ్రిజ్జూ ఫ్యానూ మోటారూ ఒకేసారి లాగుతుంటాయి కాబట్టి వోల్టేజీ ఊగుతూ ఉంటుంది. రెండు నిమిషాలు ఆగితే ఆ తొక్కిసలాట తగ్గుతుంది.

ఆ రెండు నిమిషాలను లెక్కపెట్టేదెలా?

గడియారాలు రాకముందు మన పెద్దలు కాలాన్ని నీళ్లతోనే కొలిచారు. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగిగిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవారు. దాని పేరు గడియకుడుక. బెజ్జంలోంచి నీళ్లు మెల్లగా ఎక్కి గిన్నె మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. బెజ్జం చిన్నదైతే, గిన్నె పెద్దదైతే ఎక్కువ కాలం పడుతుంది. టైమ్ డిలే సర్క్యూట్‌లో జరిగేది ఇదే. గిన్నె స్థానంలో కెపాసిటరు, మన మెకానిక్కులు కండెన్సరు అనేది. బెజ్జం స్థానంలో రెసిస్టరు. నీళ్ల బదులు కరెంటు. గిన్నె మునిగిందని గమనించి గంట కొట్టే మనిషి స్థానంలో ఒక చిన్న ఐసీ.

ఆ ఐసీ పేరు 555. స్విట్జర్లాండులో పుట్టి అమెరికా వెళ్లిన హాన్స్ కామెన్‌జిండ్ 1971లో దీన్ని రూపొందించాడు. 1972లో సిగ్నెటిక్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో, మెకానిక్కుల బల్లల మీద కనిపిస్తూనే ఉంది. గోరంత నల్లబిళ్లకు ఎనిమిది కాళ్లు. లోపల ఒకేలాంటి మూడు రెసిస్టర్లు సప్లై వోల్టేజీని మూడు సమభాగాలు చేస్తాయి. 12 వోల్టులు ఇస్తే నాలుగు దగ్గర ఒక గీత, ఎనిమిది దగ్గర ఒక గీత. రెండో కాలు మీది వోల్టేజీ నాలుగుకు దిగితే మూడో కాలు ఆన్ అవుతుంది. ఆరో కాలు మీద ఎనిమిది దాటితే ఆఫ్ అవుతుంది. ఇంతే దాని బుద్ధి. ఈ మాత్రం బుద్ధి మన పనికి సరిపోతుంది.

కలపాల్సిన తీరు ఇలా ఉంటుంది. 12 వోల్టుల అడాప్టరు ప్లస్‌ను ఎనిమిదో కాలుకూ నాలుగో కాలుకూ, మైనస్‌ను ఒకటో కాలుకూ ఇవ్వాలి. రెండు, ఆరు కాళ్లను ఒకదానికొకటి కలిపేయాలి. ఆ కలిసిన చోటుకు ప్లస్ నుంచి 100 మైక్రోఫారడ్ కెపాసిటరు, దాని ప్లస్ కాలు సప్లై ప్లస్ వైపు ఉండేలా. అదే చోటు నుంచి మైనస్‌కు ఒక మెగోమ్ రెసిస్టరు. ఐదో కాలు నుంచి మైనస్‌కు 0.01 మైక్రోఫారడ్ బుల్లి కెపాసిటరు. ఏడో కాలుతో పనిలేదు. మూడో కాలు నుంచి 4.7 కిలోఓమ్ రెసిస్టరు మీదుగా బీసీ 547 ట్రాన్సిస్టరు బేసుకు, దాని ఎమిటరు మైనస్‌కు, కలెక్టరుకూ ప్లస్‌కూ మధ్య 12 వోల్టుల రిలే కాయిల్.

కరెంటు వచ్చిన క్షణాన కెపాసిటరు ఖాళీగా ఉంటుంది కాబట్టి రెండు, ఆరు కాళ్ల మీద పూర్తి 12 వోల్టులు పడతాయి. మూడో కాలు ఆఫ్, రిలే ఆఫ్. రెసిస్టరు ద్వారా కెపాసిటరు మెల్లగా నిండుతున్న కొద్దీ ఆ వోల్టేజీ పన్నెండు నుంచి పదికి, ఎనిమిదికి, ఆరుకు దిగుతూ వస్తుంది. నాలుగుకు రాగానే మూడో కాలు లేస్తుంది. రిలే టక్కుమంటుంది. దీనికి పట్టే సమయం రెసిస్టరు విలువను కెపాసిటరు విలువతో, ఆ వచ్చినదాన్ని 1.1తో హెచ్చిస్తే వస్తుంది. ఒక మెగోమ్, 100 మైక్రోఫారడ్‌లకు 110 సెకన్లు. రెండు నిమిషాలకు పది సెకన్లు తక్కువ.

పుస్తకాల్లో ఉండే సర్క్యూట్ సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. మన ఊళ్ల కరెంటుకు ఇంకొంచెం కావాలి. కరెంటు గంటసేపు పోతే గిన్నె దానంతట అదే ఖాళీ అవుతుంది. రెండు సెకన్లు పోయి వస్తే? కెపాసిటరు ఇంకా నిండుగానే ఉంటుంది, ఆగడమన్నది లేకుండా మోటారు వెంటనే లేస్తుంది. అసలు ప్రమాదం ఉన్నదే ఆ రెప్పపాటులో. అందుకని ఒక మెగోమ్ రెసిస్టరుకు అడ్డంగా ఒక 1ఎన్4148 డయోడు వేయాలి, గీత ఉన్న కొస కెపాసిటరు వైపు, రెండో కొస మైనస్ వైపు. సప్లై పడిపోగానే కెపాసిటరులోని నిల్వ ఆ డయోడు గుండా దిగిపోతుంది, మళ్లీ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. చిల్లర ఖర్చుతో అయ్యే ఈ ముక్కను వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా.

రెండో డయోడు రిలే కాయిల్ మీద. 1ఎన్4007, గీత ప్లస్ వైపు. కాయిల్‌కు కరెంటు ఆపిన క్షణంలో అది ఎదురుతన్నుతుంది. ఆ తాపును డయోడు మింగకపోతే ట్రాన్సిస్టరు చస్తుంది.

ఇక ఎక్కువమంది చేసే తప్పు దగ్గరికి వద్దాం. షాపులో దొరికే చిన్న నీలం రంగు రిలే మీద పది ఆంపియర్లని రాసి ఉంటుంది. అర హార్స్‌పవర్ మోటారు తీసుకునేది మూడు, నాలుగు ఆంపియర్లే కదా అని దాన్నే నేరుగా మోటారుకు కలుపుతారు. ఆ పది ఆంపియర్లు హీటరు లాంటి వాటికి చెప్పిన లెక్క. మోటారు లేచేటప్పుడు ఇరవై ఆంపియర్లు దాటుతాయి. ఆ నిప్పురవ్వలకు రిలే కాంటాక్టులు కొన్నాళ్లకు అతుక్కుపోతాయి. అతుక్కున్నాక రిలే ఆఫ్ అయినా మోటారు ఆగదు. ట్యాంకు పొంగిపోర్లుతుంది, లేదా సంపు ఎండిపోయి మోటారు ఉత్తగా తిరిగి సీలు కాలుతుంది. అందుకే చిన్న రిలేతో మోటారుకు తగిన కాంటాక్టరు (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చు) కాయిల్‌ను మాత్రమే ఆడించాలి. మోటారు బరువు కాంటాక్టరు మోస్తుంది. కాంటాక్టరు కాయిల్ తాపుకు 555 లెక్క తప్పకుండా, దానికి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, 100 ఓమ్‌ల రెసిస్టరు వరుసగా కలిపి వేయాలి. ఆ కెపాసిటరు ఏసీ మెయిన్స్‌కు పనికొచ్చే రకమై ఉండాలి.

12 వోల్టుల దాకా ఎవరైనా చేతులు పెట్టొచ్చు. 230 వోల్టులు మొదలయ్యే చోట నుంచి పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి. అడాప్టరు ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదై ఉండాలి. మెయిన్స్ నుంచి కెపాసిటరుతో వోల్టేజీ దించే చవక పద్ధతిలో సర్క్యూట్ అంతా ప్రాణాంతకమే, తడి చేతులు తగిలే ఇళ్లలో అది అసలు వద్దు. మోటారు బాడీకి ఎర్తు, లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ, ఓవర్‌లోడ్ రక్షణ తప్పనిసరి.

డబ్బా విషయంలో కూడా జాగ్రత్త కావాలి. స్టార్టరు డబ్బాలో వెచ్చదనానికి చీమలు పుట్ట పెడతాయి. బల్లి దూరి కాంటాక్టుల మధ్య చచ్చి ఉండటం ప్రతి మెకానిక్కూ చూసిందే. వైరు దూరే ప్రతి బెజ్జానికీ రబ్బరు గ్లాండు బిగించాలి. పైగా ఇది పల్నాడు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు. బయట 45 డిగ్రీలుంటే ఎండలో ఉన్న ఇనప డబ్బా లోపల ఇంకెంతో ఎక్కువ. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందన్నది తయారీదారులు పాటించే లెక్క. కొనేటప్పుడు ఒంటి మీద 85 డిగ్రీలని కాక 105 డిగ్రీలని రాసి ఉన్నదాన్ని అడగాలి. డబ్బాను నీడలో గోడకు బిగించాలి.

ఎక్కువసేపు ఆగాల్సిన పనికి ఈ పద్ధతి చాలదు. పెద్ద కెపాసిటరు వేస్తే అది తనలోంచే కొంత కరెంటును కార్చేసుకుంటుంది. లెక్క పదిహేను నిమిషాలని వచ్చినా రిలే ఇరవైకి ఆన్ కావచ్చు, అసలు కాకనూ పోవచ్చు. అటువంటి చోట సీడీ 4060 అనే ఐసీ వాడతారు. అది చిన్న చిన్న టిక్కులను పుట్టించి, వాటిని లెక్కపెడుతుంది. టిక్కుకు సెకనులో పదో వంతు చొప్పున, 8,192 టిక్కులు లెక్కపెట్టాక చివరి అవుట్‌పుట్ కాలు ఆన్ అవుతుంది. పదమూడున్నర నిమిషాల పైమాట. ఊట తక్కువ ఉన్న బోర్లకు ఇది బాగా పనికొస్తుంది. కాసేపు తోడి, ఊరేదాకా ఆగి, మళ్లీ తోడే సర్క్యూట్లు ఇలాంటి లెక్క మీదే నడుస్తాయి. బోరులో నీళ్లు దిగిపోయాక ఒట్టి గాలిని లాగుతూ మోటారు కాలిపోవడం వేసవిలో మామూలు సంగతి. గంటసేపు ఒకే బిగిన తోడేకన్నా, ఊరనిచ్చి తోడటం బోరుకూ మోటారుకూ కూడా మంచిది.

సొంతంగా కూర్చుకునే తీరిక లేనివారికి తయారుగా ఉన్న టైమర్లు నరసరావుపేట, చిలకలూరిపేట వంటి ఊళ్లలో మోటారు సామాను అమ్మే షాపుల్లో అడగొచ్చు. 'ఆన్ డిలే' టైమరు కావాలని అడగాలి, 'ఆఫ్ డిలే' వేరు. అయినా ఒకసారి చేత్తో కూర్చి చూడమనే ఈ వ్యాసం కోరిక. పదో తరగతి పిల్లలు సెలవుల్లో బల్బుతో చేసి చూస్తే, ఫిజిక్సు పుస్తకంలోని ఓమ్ నియమం ఇంట్లోని నీళ్ల ట్యాంకు దగ్గర కళ్లకు కనపడుతుంది. కాంటాక్టరు కలపకముందు, రిలే కాయిల్‌తో పాటు, తగిన రెసిస్టరుతో ఒక ఎల్‌ఈడీ పెట్టి, చేతిలో ఫోను స్టాప్‌వాచీతో సమయం కొలవాలి. అడాప్టరును సాకెట్లోంచి రెండు సెకన్లు తీసి మళ్లీ పెట్టాలి. ఎల్‌ఈడీ మళ్లీ రెండు నిమిషాలు ఆగి వెలిగితేనే డయోడు సరిగా వేసినట్టు.

మళ్లీ చేలగట్టు మీది ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళదాం. కెపాసిటరు 100 మైక్రోఫారడ్ అలాగే ఉంచి రెసిస్టరు ఒక్కటే మారిస్తే చాలు. 270 కిలోఓమ్‌లు వేస్తే 30 సెకన్లు. 560 వేస్తే సుమారు 62. 820 వేస్తే 90. ఒక మెగోమ్ వేస్తే 110. ఈ నాలుగు విలువలూ షాపులో దొరికేవే. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న నలుగురు రైతులు తలా ఒకటి పంచుకుంటే, ఏ రెండు మోటార్లూ కలిసి లేవవు. మొదటిది లేచి నిలకడపడ్డాకే రెండోది కదులుతుంది. 180 ఆంపియర్ల దెబ్బ ఇక పడదు. చివరి మోటారు లేచే క్షణంలో కూడా తిరుగుతున్న మూడింటికి 22.5, లేస్తున్నదానికి 45, కలిపి 70 ఆంపియర్లకు మించదు. కొద్ది సెకన్లపాటు ఆ భారాన్ని ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోగలదు.

ఇది ఒక్క రైతు చేస్తే తీరేది కాదు. ముగ్గురు ఆగి నాలుగోవాడు ఆగకపోయినా కొంత మేలే కానీ, నలుగురూ ఒకే రెసిస్టరు వేసుకుంటే ఆ నాలుగు మోటార్లూ రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఒకేసారి లేస్తాయి. ఎవరికి ఎన్ని సెకన్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంకో మాట: భూగర్భజలం గురించి అధికారులు చెప్పే అభ్యంతరానికి ఈ డిలే జవాబు కాదు. ఆలస్యంగా లేచిన మోటారు కూడా ఆపేవారు లేకపోతే తోడుతూనే ఉంటుంది. కాబట్టి డిలేతో పాటు, తడికి సరిపడా గంటలు తిరిగి ఆగిపోయే టైమరు కూడా అదే డబ్బాలో ఉండాలి. పొలం స్టార్టరులో ఏది కలపాలన్నా ముందు లైన్‌మన్‌తో, సెక్షన్ ఆఫీసులో ఏఈతో మాట్లాడి, వారి అనుమతితోనే కలపాలి. రాత్రివేళ తడినేలలో స్టార్టరు డబ్బా మూత తీయవద్దు.

నాదెండ్లలోనూ, ఈ వ్యాసం చదివే మరే ఊళ్లోనైనా, వచ్చే పంటకు తడులు మొదలుకాకముందే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది నలుగురు రైతులు ఒక సాయంత్రం కలుసుకోండి. ఎవరికి 30 సెకన్లు, ఎవరికి 110 సెకన్లు అన్నది ఆ రోజే తేల్చుకుని, ఆ అంకెను ఎవరి స్టార్టరు డబ్బా మూత లోపల వారు రాసిపెట్టుకోండి.